బృహన్నల ఏమైంది మేడమ్?

విరాటపర్వం పాఠం ముగింపుకొచ్చింది. గంట కొట్టడానికి ఇంకో ఐదు నిమిషాలుందనగా, ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి వెనక బెంచీలోంచి లేచి అడిగింది. "మేడమ్, అర్జునుడు ఏడాదిపాటు బృహన్నలగా ఉన్నాడు కదా. అజ్ఞాతవాసం అయిపోయాక బృహన్నల ఏమైంది?"

"ఏమవుతుందమ్మా, వేషం తీసేశాడు. మళ్ళీ అర్జునుడే" అన్నాను.

"అది సరే మేడమ్. ఉత్తరకి డాన్సు నేర్పిన ఆ మనిషి ఏమైపోయినట్టు?"

గంట కొట్టేశారు. పిల్లలు వెళ్ళిపోయారు. నేను ఆ ప్రశ్న పట్టుకుని స్టాఫ్ రూములో చాలాసేపు కూర్చున్నాను. అప్పటికి మూడు వారాలుగా నేను కూడా ఒక వేషం కట్టడానికి సిద్ధమవుతున్నానని ఆ అమ్మాయికి తెలియదు. కాలేజీలో ఎవరికీ తెలియదు.

నేను గుంటూరులో డిగ్రీ పిల్లలకు తెలుగు చెబుతాను. పద్నాలుగేళ్ళయింది. ఇల్లు బ్రాడీపేటలో. నిరుడు ఒక శనివారం మా తమ్ముడు విజయవాడలో ఒక కాఫీ షాపుకి తీసుకెళ్ళాడు. అక్కడ నెలకోసారి కామెడీ ఓపెన్ మైక్ పెడతారు. కొత్తవాళ్ళకి ఐదు నిమిషాలిస్తారు. ఎక్కువమంది ఇరవై ఏళ్ళ పిల్లలు. బ్యాక్‌లాగుల గురించి, హాస్టల్ సాంబారు గురించి, పెళ్ళిచూపుల గురించి ఎవరి పేరుతో వాళ్ళు నిలబడి చెప్పుకుంటున్నారు. నాకు భలే నచ్చింది. ఇంటికొస్తూ బస్సులో, నేనూ చేస్తానన్నాను. మా తమ్ముడు వెంటనే "చెయ్యక్కా" అన్నాడు.

ఇంట్లో కూర్చుని రాయబోతే తెలిసింది ఇబ్బంది. నా పేరుతో నేను మాట్లాడితే పాఠం అవుతోంది. ఒక నవ్వొచ్చే మాట రాస్తాను, దాని పక్కనే అది ఎందుకు నవ్వొస్తుందో కూడా రాస్తాను. పద్నాలుగేళ్ళ అలవాటు. పైగా నేను మాట్లాడాలనుకున్నది మా వీధి పెద్దమనుషుల గురించి. లెక్చరర్‌గా నిలబడి వాళ్ళ గురించి చెబితే అది ఫిర్యాదులా ఉంది. నాకు ఫిర్యాదు లేదు. వాళ్ళంటే నాకిష్టం. అందుకే నా స్థానంలో ఇంకొకరిని నిలబెట్టాలనుకున్నాను.

ఆ ఇంకొకరు అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు. రిటైరైన మనిషి, అరవై ఆరేళ్ళు. పేరు పెట్టలేదు. అపార్ట్‌మెంట్‌లో ఆయన్ని పేరు పెట్టి ఎవరు పిలుస్తారు? అందరికీ సెక్రటరీ గారే. ఏ ఒక్కరినో చూసి రాసింది కాదు. మా అమ్మ వాళ్ళ బిల్డింగులో నోటీసు బోర్డు మీద రాసే దస్తూరి, మా చెల్లెలి అపార్ట్‌మెంట్‌లో ఒకాయన ట్యాంకు మీద తట్టి నీళ్ళు ఎంతున్నాయో చెప్పే పద్ధతి, ఇలా ఐదారు చోట్ల నుంచి ఏరి తెచ్చుకున్నవి.

బట్టలు సులువుగానే కుదిరాయి. తెనాలిలో ఉండే మా పెదనాన్న పాత సఫారీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఒక చిన్న డైరీ. తాళాల దగ్గరే ఆగిపోయాను. మా ఇంటి తాళాలు పట్టుకుంటే చేతికి నావిలాగే ఉన్నాయి. పట్నంబజారులో తాళాలు బాగుచేసే ఒకాయన దగ్గరికి వెళ్ళి, పనికిరాని తాళంచెవులు ఇవ్వమని అడిగాను. డబ్బా ఒలకబోసి ఏరుకోమన్నాడు. పదకొండు ఏరుకున్నాను. ఒకటి పొడుగ్గా, పళ్ళు అరిగిపోయి ఉంది. అది మోటారు రూముది. వెడల్పాటిది టెర్రస్‌ది. రెండు చిన్నవి మీటరు బోర్డులవి. తుప్పు పట్టింది వాచ్‌మన్ గదిది. ఒక్కోదానికి తెల్ల టేపు చుట్టి, బాల్ పెన్నుతో నంబర్లు వేసి, నైలాను తాడుకి గుచ్చాను. కుడి జేబులో వేసుకుని హాల్లో నడిస్తే, ఆ బరువుకి ప్యాంటు ఒక పక్కకి జారుతోంది. జారకుండా కుడి చెయ్యి జేబు మీద ఆనించి నడవాల్సొచ్చింది. అలా నాలుగుసార్లు నడిచేసరికి భుజం దానంతటదే కాస్త వంగింది, అడుగు చిన్నదైంది. ఆ నడక నేను ఆలోచించి పెట్టింది కాదు. తాళాలే నేర్పాయి.

చాప్లిన్ ఆత్మకథలో ఇలాంటి మాటే ఉంది. 1914లో ఏదో ఒక కామెడీ వేషం వేసుకు రమ్మంటే, వదులు ప్యాంటు, బిగుతు కోటు, చిన్న టోపీ, పెద్ద బూట్లు వేసుకున్నాడట. అప్పటిదాకా ఆ మనిషెవరో తనకి తెలియదట. బట్టలు వేసుకున్నాక తెలిసిందట. మన నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా చెప్పింది. ఆహార్యం అంటే బట్టలూ నగలూ రంగులూ. నేను క్లాసులో దాన్ని ఎప్పుడూ ఒక వాక్యంలో దాటేసేదాన్ని. ఇక దాటెయ్యను.

మొదటి ప్రదర్శన బాగా రాలేదు. గమ్ముతో అంటించిన మీసంతో స్టేజీ ఎక్కగానే జనం పెద్దగా నవ్వారు. రెండో నిమిషానికి నవ్వు ఆగిపోయింది. మూడో నిమిషంలో ముందు టేబుల్ అబ్బాయి ఫోను చూసుకుంటున్నాడు. నేను గొంతు పెంచాను, చేతులు తిప్పాను, సెక్రటరీ గారిని ఇంకా ఇంకా తెలివితక్కువగా చేశాను. ఎంత చేస్తే అంత చప్పబడింది. ఆఖరి బస్సులో వస్తుంటే వారధి మీద గాలి కొడుతున్నా చెమట ఆరలేదు. మా తమ్ముడు ఏమీ మాట్లాడలేదు.

మర్నాడు తెనాలి వెళ్ళాను. పెదనాన్న ముప్పై ఏళ్ళు పరిషత్తు నాటికల్లో వేశారు. ఊరూరా పోటీలకి తిరిగిన మనిషి. వీడియో చూపించాను. మొదటి నిమిషం చూసి ఫోను పక్కన పెట్టేశారు.

"అమ్మాయ్, మూతికి మీసం పెట్టావు గానీ కళ్ళు మాత్రం నీవే. చూశారా ఈయన ఎంత అమాయకుడో అని జనానికి సైగ చేస్తున్నాయి. నువ్వాయన్ని వెక్కిరిస్తున్నావు. ఆయన తరఫున మాట్లాడట్లేదు."

"మరి కామెడీ కదా పెదనాన్నా?"

"కామెడీ కాబట్టే. ఏడిపించే పాత్రలో నువ్వు కాస్త అటూ ఇటూ అయినా జనం సర్దుకుంటారు. నవ్వించే పాత్రలో సర్దుకోరు. ఆ మీసం తీసెయ్. గొంతు కూడా లావు చెయ్యకు. ఆయనకి తెలియనిదేంటో ముందు తేల్చుకో. నీకు తెలిసినవన్నీ ఆయనకీ తెలిస్తే ఇక ఆయనెందుకు, నువ్వే వెళ్ళి మాట్లాడు."

ఆ మాట విన్నాక నాకు అన్నీ వేరేగా కనబడటం మొదలైంది. అన్నీ అంటే నేను ఏళ్ళ తరబడి పాఠంగా చెబుతున్నవే.

ఉత్తర గోగ్రహణం ఘట్టంలో బృహన్నలకి కవచం ఇస్తారు. గాండీవం పట్టిన మనిషికి కవచం తొడుక్కోవడం రాదా? అయినా రానట్టు తలకిందులుగా పైకెత్తి తొడుక్కోబోతాడు. అంతఃపురం ఆడపిల్లలు పకపకా నవ్వుతారు. యుద్ధానికి ముందు, కౌరవసేన ఎదురుగా ఉందని తెలిసి, ఆ నిమిషంలో కూడా అర్జునుడు వేషం జారనివ్వలేదు. బృహన్నలకి కవచం ఎలా వేసుకోవాలో తెలియదు, అంతే. ఆ పిల్లలు తమ బొమ్మపొత్తికల కోసం శత్రువుల బట్టలు తెమ్మంటే, సరేనంటాడు. అర్జునుడికి ఆ మాట చిన్నది. బృహన్నలకి అది పెద్ద పనే. ఈ పర్వం రాసిన తిక్కన తన తండ్రి కొమ్మన దండనాథుణ్ణి 'గుంటూరి విభుడు' అని అవతారికలో చెప్పుకున్నాడు. మా ఊరి పేరు ఆ పద్యంలో వచ్చినప్పుడల్లా పిల్లలు తలెత్తి చూస్తారు, నాకూ సంతోషంగా ఉంటుంది.

బారిస్టర్ పార్వతీశం కూడా అంతే. ఎడిన్‌బరోలో చదువుకొచ్చిన మొక్కపాటి నరసింహశాస్త్రి గారికి తెలిసినవేవీ మొగల్తూరు నుంచి బయల్దేరిన పార్వతీశానికి తెలియవు. కథంతా పార్వతీశమే 'నేను' అని చెబుతాడు. రచయిత ఒక్కచోట కూడా వెనక నుంచి కన్ను గీటడు. అందుకే ఆ పిల్లాణ్ణి చూసి నవ్వుతాం గానీ చిన్నచూపు చూడం. బుడుగు సంగతీ ఇదే. పెద్దవాళ్ళ లోకం ఏంటో ముళ్ళపూడి వారికి పూర్తిగా తెలుసు. బుడుగుకి తెలియదు. తెలియకుండానే చెబుతాడు.

కన్యాశుల్కం అయితే వేషాల పుట్ట. 1892లో మొదటిసారి ఆడారు. ఇప్పుడు మనం చదివేది గురజాడ తిరగరాసి 1909లో వేసిన కూర్పు. కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకి కట్టబెడతాడు. పిల్లవాడు వేషం తీసేసి పారిపోతాడు. అప్పుడు లేని పెళ్ళికూతుర్ని చంపాడని లుబ్ధావధాన్ల మీద కేసు! నా విద్యార్థిని అడిగిన ప్రశ్న అక్కడ ఏకంగా కచేరీకెక్కింది. 'ఆ మనిషి ఏమైంది' అని పోలీసులే అడుగుతున్నారు. చివరికి మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు మధురవాణి వేశారు. ఆ చివరి ఘట్టాన్ని ఊహించుకోండి. మగవాడు, ఆయన మీద మధురవాణి, ఆమె మీద మళ్ళీ మగవేషం. స్థానం వారి సత్యభామను పెదనాన్న వాళ్ళ నాన్నగారు చూశారట. 'మీరజాలగలడా' పాట స్థానం వారు సత్యభామ పాత్ర కోసం తానే రాసుకున్నారు. ఆమె ఏం పాడుతుందో ఆయనకే బాగా తెలుసు మరి.

పెదనాన్న ఇంకో మాట కూడా చెప్పారు. "పుస్తకాలు చాల్లే, ఒకసారి భామాకలాపం చూసిరా. భామని కాదు, మాధవిని చూడు."

విజయవాడ నుంచి బస్సులో కూచిపూడి వెళ్ళాను. ఆ రాత్రి ప్రదర్శనలో సత్యభామ కూడా మగవాడే. తెర మీదుగా జడ వేసినప్పుడు జనం ఊగిపోయారు. నేను మాత్రం పెదనాన్న చెప్పినట్టు పక్కనున్న మనిషినే చూస్తూ కూర్చున్నాను. ఆయన సూత్రధారుడు. ఉత్తరీయం తల మీద నుంచి కప్పుకుంటే మాధవి, సత్యభామ చెలికత్తె. మొగుడి పేరు చెప్పమని భామని ఆటపట్టిస్తుంది, ఉత్తరం తీసుకెళ్ళాలంటే ముక్కెర ఇమ్మంటుంది. అదే ఉత్తరీయం భుజం మీదికి జారితే మాధవుడు, కృష్ణుడి స్నేహితుడు. రంగు మారలేదు, నగ మారలేదు, తెరచాటుకి వెళ్ళలేదు. మూరెడు గుడ్డ తల మీద నుంచి భుజానికి వచ్చింది, అంతే. ఆ మూరెడులో నడుము మారింది, మెడ మారింది, చూపు నిలిచే చోటు మారింది. నేను గమనించింది ఒకటుంది. ఉత్తరీయం జారడానికి ముందే ఆయన చూపు మారుతోంది. గుడ్డ తర్వాత వస్తోంది. అలా మూడుసార్లు జరిగింది, మూడుసార్లూ అంతే.

తిరుగు ప్రయాణంలో నోటుబుక్కు తీశాను. పేజీకి నిట్టనిలువుగా గీత గీశాను. ఎడమ పక్క సెక్రటరీ గారికి తెలిసినవి: బోరు ఎన్ని అడుగులు, లిఫ్టు మెకానిక్ నంబరు, ఎవరు మెయింటెనెన్స్ ఎన్ని నెలలు బాకీ. ఇవి మొదటిసారే ఉన్నాయి. కుడి పక్క తెలియనివి. అక్కడ చాలాసేపు ఏమీ రాయలేదు. మొదట రాసినవన్నీ తేలిక హాస్యం. ఇంగ్లీషు మాటలు తప్పు పలకడం, కొత్త ఫోను వాడటం రాకపోవడం. కొట్టేశాను. ముసలివాళ్ళకి ఫోను రాదని నవ్వించడం నాకిష్టం లేదు. ఆయనకి ఫోను బాగా వచ్చు. మంగళగిరి దాటాక రాశాను: 'జవాబు రాకపోతే అంగీకారం కాదని ఆయనకి తెలియదు.' ఇంకా కింద: 'తాను ఒంటరి అని తెలియదు.' ఇంకేం రాయలేదు. ఆ రెండూ చాలనిపించింది.

ఆ తర్వాత నెల రోజులు ప్రాక్టీసు. రాత్రి పిల్ల పడుకున్నాక హాల్లో. మాటలు కంఠస్థం చేయడం కాదు, ఆయన ఏం అంటారో వినడం. వాట్సాప్ గ్రూపులో ఏదైనా చూస్తే ఆయన దీనికేమంటారు అనుకునేదాన్ని. కూరగాయల బండి దగ్గర, బ్యాంకు క్యూలో కూడా. మా ఆయన మొదట్లో ఊరుకున్నారు. ఒకరోజు కుళాయి కారుతోందంటే నేను "ఏ అంతస్తు?" అని అడిగానట. అప్పుడు ఆయనకి కాస్త టెన్షన్ వచ్చింది. నాకు రాలేదు. జెకిల్, హైడ్ కథ 1886లో వచ్చింది. లోపలున్న రెండోవాడు దుర్మార్గుడని, వాణ్ణి బయటికి వదిలితే మనల్ని మింగేస్తాడని అందరి మనసులో పాతుకుపోయింది. అలాంటివాళ్ళు ఉంటే ఉండొచ్చు. నా లోపలి నుంచి వచ్చినాయన మాత్రం నాకంటే ఓపిక ఉన్నవాడు. అందరి నీళ్ళ గురించి ఆలోచించేవాడు. ఆయన్ని చూసి భయపడాల్సిన పని నాకు కనబడలేదు.

రెండోసారి అదే విజయవాడ కాఫీ షాపు. మీసం లేదు. నా గొంతే. సఫారీ చొక్కా, డైరీ, తాళాలు. హోస్ట్ పేరు పిలిచాక వెంటనే మాట్లాడలేదు. మైకు దగ్గరికి రాకముందే చూపు మార్చాను. గోడ మీద స్విచ్ బోర్డు చూశాను, ఏసీ కింద కారుతున్న నీటి చుక్క చూశాను, డైరీ తీసి రాసుకున్నాను. హాలు నవ్వింది. అప్పుడు తాళాలు తీసి బల్ల మీద పెట్టాను. ఆ చప్పుడు మైకులో పెద్దగా వినిపించింది.

"అందరికీ నమస్కారం. గ్రూపులో మెసేజ్ పెట్టాను. లోపలికెళ్ళి చూశాను, నలభై రెండు మంది చదివారు. ఒక్కరు కూడా కాదనలేదు. దీన్నేమంటారు? ఏకగ్రీవం."

"జనరల్ బాడీ మీటింగు పెట్టాను. ముగ్గురొచ్చారు. కోరం చాల్లేదు గానీ, చర్చ బాగా జరిగింది. ఇద్దరు లిఫ్టు వచ్చేదాకా ఉన్నారు."

ఆ నవ్వు మొదటిసారి నవ్వులా లేదు. మొదటిసారి మీసాన్ని చూసి నవ్వారు. ఈసారి ఆయన మాట కోసం ఆగి నవ్వుతున్నారు. నవ్వెందుకొస్తోందో ఆయనకి తెలియదు కాబట్టి, ఆగి, అందరి వైపు మర్యాదగా చూసి, మళ్ళీ పాయింటులోకి వచ్చేవారు. ఆ ఆగడం నేను రాసుకున్నది కాదు. ఆయనే ఆగారు.

చివర్లో తాళం వేసి ఉన్న ఫ్లాట్ల సంగతి వచ్చింది. "నాలుగు వందల ఒకటి వాళ్ళు డల్లాస్‌లో ఉంటారు. బాల్కనీలో తులసి కోట ఉంది. తాళం నా దగ్గరే ఇచ్చారు. రోజూ నీళ్ళు పోస్తాను. ఫోటో తీసి గ్రూపులో పెడతాను. మొన్న వాళ్ళబ్బాయి బొటనవేలు పెట్టాడు. అంత బిజీగా ఉండి కూడా, బొటనవేలు పెట్టాడండీ."

ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. ఒక క్షణం. తర్వాత వెనక నుంచి ఎవరో చిన్నగా నవ్వారు, నవ్వు ముందు వరసదాకా వచ్చింది, చప్పట్లు కలిశాయి. ముందు టేబుల్‌లో ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది. నేను ఏడిపించాలనుకోలేదు. ఆయన సంతోషంగానే చెప్పారు. అక్కడ నేను నా కళ్ళతో ఒక్క సైగ చేసినా అంతా పాడయ్యేది.

ఆ రాత్రి ఇంటికొచ్చాక ఒక పని చేశాను. మా సొంత అపార్ట్‌మెంట్ గ్రూపు తెరిచాను. మా సెక్రటరీ గారు ఆ మధ్యాహ్నం ట్యాంకు శుభ్రం చేయించే తేదీ పెట్టారు. ఏడేళ్ళుగా ఆ మెసేజ్‌లు చదివి మూసేస్తున్నాను. "సరేనండి. మీకు శ్రమ ఇస్తున్నాం, థాంక్స్" అని రాశాను. రెండు నిమిషాల్లో నమస్కారం గుర్తు వచ్చింది. ఆ తర్వాత ఇంకో నమస్కారం.

అప్పుడు బృహన్నల ప్రశ్న మళ్ళీ గుర్తొచ్చింది. మర్నాడే క్లాసులో ఆ అమ్మాయిని లేపాను. జవాబు భారతంలోనే ఉంది, ఇన్నేళ్ళు చెబుతూ కూడా నేను దాన్ని జవాబుగా చూడలేదు. అజ్ఞాతవాసం ముగిశాక విరాటరాజు ఉత్తరని అర్జునుడికిచ్చి పెళ్ళి చేస్తానంటాడు. అర్జునుడు వద్దంటాడు. ఏడాదిపాటు అంతఃపురంలో ఆ పిల్ల తనని గురువుగా, తండ్రిగా నమ్మిందని, కోడలిగా తీసుకుంటానని చెబుతాడు. అలా ఉత్తర అభిమన్యుడి భార్య అయింది. గురువైంది ఎవరు? బృహన్నల. మాట నిలబెట్టింది ఎవరు? అర్జునుడు. జడ విప్పేసినా, గాజులు తీసేసినా, బృహన్నల పెట్టుకున్న బంధుత్వం మాత్రం ఆయన్ని వదల్లేదు. పరీక్షిత్తు పుట్టాడంటే ఆ బంధుత్వం వల్లే.

ఆ అమ్మాయి కూర్చోకుండా అడిగింది. "అంటే ఆ మనిషి ఉత్తర దగ్గర ఉండిపోయినట్టే కదా మేడమ్?" అవునన్నాను. ఇంతకంటే మంచి మాట నా దగ్గర లేదు.

స్పానిష్ నవల డాన్ కిహోటె చివరి పేజీలు ఆ వారమే మళ్ళీ చదివాను. 1615లో వచ్చిన రెండో భాగంలో, వీరుడి వేషంలో ఊళ్ళు తిరిగి, ఇప్పుడు మంచం మీద ఉన్న ముసలాయనకి మతి స్థిమితపడుతుంది. తాను వీరుణ్ణి కానని, అలోన్సో కిహానో అని చెబుతాడు. అప్పుడు వద్దని ఏడ్చేది ఎవరంటే, దారి పొడుగునా ఆయన వేషాన్ని ప్రశ్నించిన సేవకుడు సాంచోనే. లేవండయ్యా, మళ్ళీ పోదాం అంటాడు. డేమ్ ఎడ్నా అనే ఆడవేషం కట్టిన ఆస్ట్రేలియా నటుడు బారీ హంఫ్రీస్ కూడా గుర్తొస్తారు. 1955లో మొదలుపెట్టి అరవై ఏళ్ళకి పైగా ఆ పాత్రను మోశారు. తాను ఆవిడ మేనేజర్‌నన్నట్టే మాట్లాడేవారు. ఇది వరకు అది వేళాకోళం అనుకునేదాన్ని. ఇప్పుడు నేను కూడా మా ఆయనతో "సెక్రటరీ గారికి ఈ శనివారం ప్రోగ్రాం ఉంది" అనే అంటున్నాను. అలా అంటేనే సరిగ్గా ఉంటోంది.

నాలుగో ప్రదర్శన గుంటూరులోనే ఒక చిన్న హాల్లో పెట్టుకున్నాం. పెదనాన్న తెనాలి నుంచి వచ్చారు. అయిపోయాక ఏమీ అనలేదు. సఫారీ చొక్కా కాలరు ఒకసారి సరిచేసి వెళ్ళి కూర్చున్నారు.

జనం పలచబడ్డాక తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దాయన వచ్చారు. డెబ్బైకి దగ్గరుంటారు. నేను అప్పటికే తాళాలు సంచిలో వేసేశాను, జుట్టు విప్పుకుంటున్నాను. ఆయన నన్ను మేడమ్ అనలేదు.

"సెక్రటరీ గారూ, నేనూ సెక్రటరీనేనండీ. పదకొండేళ్ళు. మీవెన్ని?"

ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత సంచిలోంచి గుత్తి తీశాను. కుడి భుజం కాస్త వంగింది.

"పదకొండండీ" అన్నారు సెక్రటరీ గారు.

ఆయన ప్యాంటు జేబులోంచి తన గుత్తి తీసి, నా దాని పక్కన బల్ల మీద పెట్టారు. పద్నాలుగు. ఆయనవి కూడా నైలాను తాడుకే. ఒక్కోటీ వేలితో పక్కకి జరుపుతూ నావి లెక్కపెట్టారు.

"మోటారు రూముది ఒక్కటే ఉందేంటండీ? రెండుండాలి. ఒకటి వాచ్‌మన్ ఊరెళ్ళినప్పుడు పట్టుకుపోతాడు. ఇంకోటి చేయించుకోండి."

చేయిస్తానని చెప్పి డైరీలో రాసుకున్నాను. మర్నాడు కాలేజీ అయ్యాక పట్నంబజారు వెళ్ళి పన్నెండోది చేయించాను.